కావలివాళ్లు లేపిన జ్వరం

"మా నాయనకి టీబీ పురుగులు పోసినావంట కదప్పా! మనిషివా, రాక్షసునివా?"

బళ్లారి ఆసుపత్రి వరండాలో అందరూ ఇటు తిరిగారు. కుర్ర డాక్టరు గోపీకృష్ణకు తలుపు వెనక్కి తప్పుకోవాలనిపించింది. ఎదురుగా హారతి. సండూరు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చున్నీ మీదా కనురెప్పల మీదా ఎర్రటి గని దుమ్ము. పేషెంటు బంధువులు కోపంలో ఇంత అందంగా ఉండటం అన్యాయం అనుకున్నాడు.

బెంచీ మీద ఆమె తండ్రి నారప దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఖనిజం తోలే లారీల ఓనరు. మూత్రం ఎర్రగా వస్తుంటే, లోపలికి పోయిన గని దుమ్మంతా దిగిపోతోందని మురిసిపోయి దుమ్ముకు విరుగుడని నెలల తరబడి బెల్లం తిన్నాడు. తీరా చూస్తే మూత్రాశయంలో క్యాన్సర్. పెద్ద డాక్టరు గడ్డ తీసేశారు. అది మళ్లీ రాకుండా వారం వారం గోపీకృష్ణ గొట్టంతో లోపలికి మందు పోస్తున్నాడు. మధ్యలో ఆపేస్తే గడ్డ తిరగబెట్టవచ్చు, మూత్రాశయాన్నే తీసేయాల్సి రావచ్చు.

"అది బీసీజీ అంట. పసిబిడ్డలకి ఏసే టీబీ టీకా, దాంట్లో ఉండేది టీబీ పురుగులేనని మా ఊరి నర్సు చెప్పింది. నిన్న పోసినప్పటి నుంచి ఒళ్లు కాల్తాండాది. ఇంగ మేము రాము!"

గోపీకృష్ణ ముందు నారప జ్వరం చూశాడు, గుండె విన్నాడు. భయపడాల్సిందేమీ కనిపించలేదు.

"మీరన్నది నిజమేనండి. బలం తీసేసిన క్రిమి అది. సరే, చెక్‌పోస్టులో కావలివాళ్లు నిద్రపోతే ఏమవుతుంది?"

"దొంగ పర్మిట్ల లారీలన్నీ దాటిపోతాయి" అన్నాడు నారప దుప్పటిలోంచి. ఆ విషయం ఆయనకు బాగానే తెలిసినట్టుంది.

"ఒంట్లోనూ అంతే. రోగాలతో పోరాడే కణాలే మన కావలివాళ్లు. క్యాన్సర్ కణం మన ఒంట్లో పుట్టిందే కదా, మనవాడేలే అని వదిలేస్తాయి. ఈ క్రిమిని చూడగానే ఉలిక్కిపడి లేచి గుంపుగా వస్తాయి. వచ్చాక అక్కడున్న క్యాన్సర్ కణాల్నీ పట్టుకుని చంపుతాయి. ఆ హడావిడికే ఈ జ్వరం. రేపటికి తగ్గిపోవాలి. తగ్గకపోయినా, పెరిగినా వెంటనే ఫోన్ చేయండి."

"మా లారీలని ఎగతాళి చేస్తాండావా?"

"అయ్యో, లేదండి."

"చేస్తాండావు. మీసం కింద నవ్వు కనపడతాండాది."

"సుమ్నే ఉండు పాపా, అరవాకు," అని నారప కసిరాడు. "డాక్టరప్ప చెప్పేది ఇను. మందు ఆపొద్దు."

మర్నాడు గోపీకృష్ణ ఫోన్ మోగింది. అవతల హారతి. "జరం దిగింది. నిన్న నిన్ను రాక్షసుడంటిని..."

"పర్లేదండి."

"పర్లేదంటే ఎట్ల? కోపమొచ్చిందని చెప్పు. అప్పుడు కదా నేను సారీ చెప్పేది!"

తర్వాతి వారం మళ్లీ ఫోన్. "ఈసారి జరమే రాలేదు. కావలోళ్లు పండుకున్నారేమో!"

"జ్వరం రాకపోయినా పనిచేస్తాయండి."

"అట్లనా. ఇంకేం సమాచారం?"

ఆ 'ఇంకేం సమాచారం' అన్న ప్రశ్నకు జవాబు గంటసేపు సాగింది. అప్పటి నుంచి ఫోన్‌కి జ్వరంతో పని లేకపోయింది.

మందు కోర్సు అయిపోయాక, లోపలికి కెమెరా పెట్టి చూసే రోజు వచ్చింది. బయట జోరున వాన. సండూరు నుంచి వచ్చిన లారీల టైర్లు కడిగి రోడ్డంతా ఎర్రనీళ్లు పారిస్తోంది. హారతి తలుపు దగ్గరే నిలబడింది.

గోపీకృష్ణ బయటికొచ్చాడు.

"గడ్డ లేదు. లోపలంతా శుభ్రంగా ఉంది. పెద్ద డాక్టరు రెండుసార్లు చూశారు."

హారతి గోడకు ఆనుకుని అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ గుండె మీదున్న బరువు దిగిపోయింది. అతనూ పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"పొద్దుట్నుంచీ నాకూ భయంగానే ఉంది. మీరు ఏడిస్తే చూడలేనని."

"ఇప్పుడు చూస్తాండావు కదప్పా?"

"ఈ ఏడుపు ఎంతసేపైనా చూస్తాను. జన్మంతా పక్కన కూర్చోమన్నా కూర్చుంటాను."

ఆమె కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది.

వీల్‌చైర్‌లో వచ్చిన నారప ఇద్దర్నీ తేరిపార చూశాడు. "ఏమప్పా, ఇంగ శానా ఏండ్లు చెకప్‌కి వస్తా పోతా ఉండల్లంట కదా?"

గోపీకృష్ణ గబగబా లేచి నిలబడ్డాడు. "అవునండి."

"ప్రతిసారీ పేషెంటుగా వస్తే నాకు బేజారప్పా. మీ ఊరు ఎమ్మిగనూరు నుంచి అమ్మానాయన్ని పిల్చుకోని మా ఇంటికి రా. మామగా ఒకసారి నీ ముందర కూచుంటా."

"నాయనా!" అని అరిచింది హారతి.

"ఏం, ఒద్దా?"

"ఒద్దని ఎవురన్నారు?" అంది హారతి, గోపీకృష్ణ చెయ్యి పట్టుకుని లేస్తూ.