బరువు చూసి కొన్న ల్యాప్‌టాప్

ఆదివారం పొద్దున్నే మోటార్ల మేస్త్రి చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే భార్య వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఇంత పొద్దున్నే ఎక్కడికండీ?"

"నీకు పాత ల్యాప్‌టాప్ ఒకటి తేవడానికి."

"ఉండండి, నేనూ వస్తాను. చీర మార్చుకుంటే చాలు. ఐదు నిమిషాలు."

"నీ ఐదు నిమిషాలు నాకు తెలియనివా? పాత సామాను కొనడం నాకేం కొత్త కాదులే. నువ్వు ఇంట్లో ఉండు."

అది నిజమే. వీధి చివర చిన్న షాపులో ఇరవై ఏళ్లుగా అతను కాలిపోయిన మోటార్లు విప్పి, కొత్తగా తీగ చుట్టి ఇస్తున్నాడు. పాత మోటారు కొనాల్సివస్తే చేత్తో ఎత్తి చూస్తాడు. బరువుంటే లోపల రాగి. తేలిగ్గా ఉంటే అల్యూమినియం, అంటే మోసం. ఈ లెక్క అతన్ని ఎప్పుడూ ముంచలేదు.

భార్య దుస్తుల ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేస్తుంది. ఎన్ని గుండీలు వచ్చాయి, ఎన్ని జిప్పులు పోయాయి, ఏ రంగు దారం ఎన్ని ఉండలు మిగిలాయి, అన్నీ పదిహేనేళ్లుగా ఆమె చేతిరాతతోనే ఉన్నాయి. వచ్చే నెల నుంచి పుస్తకం మూసేసి కంప్యూటరు పెడుతున్నారు. మూడు వారాల్లో పరీక్ష. నెగ్గితే ఆ కుర్చీ ఆమెదే. నెగ్గకపోతే ప్యాకింగ్ విభాగానికి పంపిస్తామన్నాడు మేనేజరు. అక్కడ ఎనిమిది గంటలూ నిలబడాలి. ఆమె ఇప్పటికే మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటోంది.

"నాన్నా, ఈ చీటీ పట్టుకెళ్లు," అంటూ కూతురు ఎదురొచ్చింది. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. తండ్రి ఆమెను మాత్రల డాక్టరు అంటాడు. "ఇందులో రాసినవన్నీ ఉన్నాయో లేదో అడుగు. అమ్మకి పెద్ద మిషనేం అక్కర్లేదు. పట్టికలు, మెయిలు, అంతే. కానీ డిస్క్ పాత రకం వద్దు. మీటలు ఒక్కోటీ నొక్కి చూడు, ముఖ్యంగా అంకెలు."

"సరే డాక్టరుగారూ," అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. భుజం మీది సంచి దించి బల్ల మీద పెడితే బల్ల కాళ్లు కిర్రుమన్నాయి.

"చూడు, ఎలా ఉందో. మూడు చూపించారు. మిగతా రెండూ అట్టముక్కల్లా ఉన్నాయి. ఇది చూడు, ఇనుము."

భార్య చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. కొత్త పెళ్లికూతురిలా కొంగు సర్దుకుని మీట నొక్కింది. తెర వెలగలేదు. వైరు పెట్టాల్సిందే, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. వైరు పెట్టాక లోపలేదో గురక మొదలైంది. ఆమె వెళ్లి అన్నం వార్చుకుని వచ్చేసరికి తెర మీద నీలం రంగు చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"నిద్ర లేచిందా?" అంది కూతురు.

"తొందరెందుకే. పెద్ద వస్తువు, మెల్లగా లేస్తుంది," అన్నాడు మేస్త్రి.

చివరికి పట్టిక తెరుచుకుంది. భార్య ఒక్కో వేలితో అంకెలు కొట్టింది. నాలుగు అంకె కొడితే పడలేదు. గట్టిగా కొడితే నాలుగు నాలుగులు పడ్డాయి. ఆమె వేళ్లు ఒళ్లో పెట్టుకుంది.

కూతురు ఊరుకోలేదు. "నాన్నా, ఆ చీటీ చూశావా?"

"చూశాను."

"అబద్ధం. చూసుంటే ఇది తెచ్చేవాడివి కాదు."

"అవునే. నాకు చదువు లేదుగా. ఏడో తరగతితో మానేసినవాడికి ఏం తెలుస్తుంది? తల్లీకూతుళ్లిద్దరూ తెలివైనవాళ్లు. మీరే వెళ్లి కొనుక్కోవాల్సింది."

"వస్తానన్నానుగా," అంది భార్య.

ఆమె గొంతు పెంచలేదు. అందుకే అతనికి ఇంకా మండింది.

"నాకు చదువు లేదనేగా మీ బాధ?"

"నేనెప్పుడైనా ఆ మాట అన్నానా? ఇరవై రెండేళ్ల కాపురంలో ఒక్కసారి? రోజూ అనుకునేది మీరే. పొద్దున లేస్తే మీరే అనుకుంటారు, మళ్లీ ఎవరో అన్నట్టు మా మీద అరుస్తారు. ఆ కుర్చీలో కూర్చోవాల్సింది నేను. మోకాళ్లు నావి. నన్నెందుకు తీసుకెళ్లలేదు? అది చెప్పండి చాలు."

మేస్త్రి చెప్పులేసుకుని తన షాపుకి పోయాడు. ఆదివారం షాపులో పనేమీ ఉండదు. సగం చుట్టిన మోటారు ముందేసుకుని కాసేపు కూర్చుని తిరిగొచ్చాడు. భార్య ఇంకా బల్ల దగ్గరే ఉంది. నాలుగు లేని లెక్కలు వెతికి కొడుతోంది.

అతను పక్కన కూర్చున్నాడు. "ల్యాప్‌టాప్‌లమ్మే ఆ షాపావిడ అడిగింది. ఎవరికి, దేనికి వాడతారు అని. ర్యామ్ ఎంత కావాలి అని. మూడో ప్రశ్నకే నాకు చెమట పట్టింది. చీటీ జేబులోనే ఉంది. తీసి చదివితే నాకేం తెలియదని తెలిసిపోతుంది కదా. బరువైంది ఏదో అది ఇవ్వండి అన్నాను." "నువ్వు పక్కనుంటే నువ్వూ చూసేదానివి, నేను అలా నిలబడటం," అన్నాడు.

ఆమె అతనికేసి చూసింది. ఆ చూపులో కోపం ఎక్కడా లేదు. దానికే అతను తలొంచుకున్నాడు.

"పిచ్చి మనిషి," అంది. "మీ షాపుకొచ్చి మోటార్ల గురించి నేను తెల్లమొహం వేస్తే మీరు నవ్వుతారా?"

"నేనెందుకు నవ్వుతాను?"

"మరి?"

మర్నాడు సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఆమె నేరుగా ఆ ల్యాప్‌టాప్ షాపుకొచ్చింది. వారంలోపు మార్చుకోవచ్చని రసీదు మీద ఉంది. ఇనుమును అతనే మోసుకొచ్చాడు. కౌంటరు ముందు నిలబడి, పెద్ద బరువు దించినట్టు చెప్పాడు.

"అమ్మా, దీని గురించి నాకేం తెలియదు. వాడేది ఆవిడ. ఆవిడకి చూపించండి."

షాపావిడ నవ్వలేదు. కుర్చీ లాగి, మూడు ల్యాప్‌టాప్‌లు తెచ్చి పెట్టింది. భార్య ఒక్కోదాంట్లో పట్టిక తెరిచి, సంచిలోంచి స్టోర్సు కాగితం తీసి గుండీల లెక్క కొట్టింది. ఒకటి వేగంగా ఉందిగానీ అంకెలు విడిగా లేవు. ఇంకోదాని తెర మసక. మూడోదాని మూత మీద పెద్ద సొట్ట, కానీ అంకెల మీటలు కుడిపక్కన విడిగా ఉన్నాయి, మీట నొక్కగానే లేచింది, వైరు తీసినా ఆరలేదు. మేస్త్రి చేయి ఆ సొట్ట దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఇది," అంది భార్య.

ఆ రోజు నుంచి అన్నాలు తిన్నాక ఇద్దరూ బల్ల దగ్గర కూర్చునేవారు. అతను స్టోర్సు కాగితాలు చదివేవాడు, ఆమె కొట్టేది. "నల్ల గుండీలు, పెద్దవి, మూడు వందల నలభై. తెల్ల జిప్పులు, తొమ్మిది అంగుళాలవి..." మొదట్లో అతను తడబడేవాడు, ఆమె వెతుక్కునేది. రెండో వారానికి ఇద్దరిలో ఎవరు ఎవర్ని తరుముతున్నారో తెలిసేది కాదు. "సంతలో పాట పాడుతున్నట్టుంది నాన్నా," అనేది కూతురు, తలగడ చెవుల మీద పెట్టుకుని.

పరీక్ష రోజు మేస్త్రి షాపులో ఒక్క మోటారు కూడా పూర్తి చేయలేదు. సాయంత్రం ఆమె ఫ్యాక్టరీ బస్సు దిగి, ఇంటికి పోకుండా షాపు దగ్గరే ఆగింది. అతను స్టూలు ముందుకు జరిపాడు.

"మేనేజరే కాగితం చదివాడండీ," అంది ఆమె స్టూలు మీద కూర్చుంటూ. "పాపం, మీ అంత గబగబా చెప్పలేడు. మధ్యలో నేనే ఆయన కోసం ఆగాల్సొచ్చింది."

"కుర్చీ?"

"నాదే."

మేస్త్రి చేతిలోని తీగ కింద పెట్టి, గోడవైపు తిరిగి పనిముట్లు సర్దడం మొదలుపెట్టాడు. అక్కడ సర్దడానికేమీ లేదు. భార్య లేచి వెళ్లి అతని వీపు మీద చేయి వేసింది, అలాగే ఉంచింది.