లాంతరు పోయిన నాణెం

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల చేతిలో ఉన్న సరుకు ఇది: మామయ్య అరువిచ్చిన ఏడు పాత జర్మన్ నాణేలు, మర్నాటి స్కూల్ ఎగ్జిబిషన్‌లో ఒక బల్ల, వంటింట్లో దొరికిన ఒక నిమ్మచెక్క.

తంటా తెచ్చింది ఆ నిమ్మచెక్కే.

మామయ్యది వాచీలు బాగుచేసే కొట్టు. "మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఆ తర్వాతా జర్మనీలో చిల్లర కరువైంది పిచ్చుకా. ఊరూరూ సొంత నాణేలు కొట్టుకుంది. ఇనుముతో, జింకుతో, ఆఖరికి కాల్చిన మట్టితో కూడా! ఎవరి ఊరి బొమ్మ వాళ్లది," అని చెప్పి మరీ ఇచ్చాడు.

ఒకదాని మీద వంతెన. ఒకదాని మీద చేప. పిచ్చుకకు నచ్చింది గని పనివాడి జింకు నాణెం. గోరంత మనిషి, చేతిలో ఆవగింజంత లాంతరు, దాని చుట్టూ వెలుగు గీతలు.

కానీ నల్లగా ఉంది. మాసిన సరుకు ఎవరు చూస్తారు? నిమ్మచెక్కకు ఉప్పద్ది బరబరా తోమింది. నాణెం తెల్లబడింది. పిచ్చుక దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది.

లాంతరు లేదు. గీతలూ లేవు.

"ఏమే, ముద్ద నోట్లో పెట్టుకుని లెక్కలు కడుతున్నావా?" అంది అమ్మ భోజనం దగ్గర.

మర్నాడు ఎగ్జిబిషన్ బల్ల మీద ఆ నాణేన్ని బోర్లించి, అంకె ఉన్న వైపు పైకి పెట్టింది. తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడింది. మామయ్య రానే వచ్చాడు.

"మన గనివాడేడే? అటు తిరిగి పడుకున్నాడా?"

ఎవరో తిప్పారని చెప్పొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిచ్చుక దాన్ని మింగేసి, నాణేన్ని తిప్పింది.

"నేనే తోమాను మామయ్యా. నిమ్మకాయతో."

మామయ్య కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాగవుతుందా?"

"వాచీ అయితే బాగుచేసేవాణ్ణి."

"తిట్టు మామయ్యా."

"తిడితే లాంతరు తిరిగొస్తుందా?"

అంతలో కళ్ళజోడు పెట్టుకున్న క్లాస్‌మేట్ ఒకడు చేప నాణెం తీసి, ఉఫ్‌మని ఊది, చొక్కా అంచుతో రుద్దబోయాడు. పిచ్చుక వాడి మణికట్టు పట్టుకుంది.

"వద్దు! ఇదిగో, ఇలా అంచులు పట్టుకో. ఆ నలుపు వల్లే పొలుసులు కనిపిస్తున్నాయి, చూడు."

"అబ్బో! లెక్కపెట్టొచ్చే!" అన్నాడు వాడు.

పిచ్చుక అట్టముక్క మీద రాసి గనివాడి పక్కన నిలబెట్టింది: "దీన్ని నేను తోమాను. లాంతరు పోయింది. మిగతావాటిని రుద్దకండి." సాయంత్రం దాకా ఆ అట్ట ముందే గుంపు.

బల్ల సర్దేటప్పుడు మామయ్య జేబులోంచి దూదిపొట్లం తీశాడు. లోపల గోధుమరంగు మట్టి నాణెం. "కింద పడితే రెండు ముక్కలు. ఇంతవరకు ఎవరి చేతికీ ఇవ్వలేదు. వారం నీ దగ్గర ఉంచు."

పిచ్చుక అరచేతులు లంగాకు తుడుచుకుని, దాన్ని అంచులు పట్టి అందుకుంది.

ఆ రోజుకు లెక్క: పోయింది ఒక లాంతరు. వచ్చింది ఒక మట్టి నాణెం, వారం గడువు మీద.