ముప్ఫై నాలుగు డిగ్రీలు

లోయలో బొగ్గు లారీ తలకిందులుగా పడి ఉంది. క్యాబిన్‌లో డ్రైవర్ ఎమిల్‌బెక్ శవం. ఊడిన ఎడమ వెనక చక్రం పైన రోడ్డు పక్క మంచులోనే ఆగిపోయింది. ప్రమాదం ఉదయం 11:20కి. జనం చూసింది సాయంత్రం 4:10కి. చలి మైనస్ ఇరవై ఎనిమిది.

పోలీసు కెప్టెన్ ఉర్మత్‌కి ఏమీ అనిపించలేదు. ఈ చలికాలంలో ఇది ఆరో శవం.

మర్నాడు పదింటికి నారిన్ ఊళ్ళోని లారీ షెడ్డుకి వెళ్ళాడు. బేరింగ్ కాలిపోయిందని తేలింది. కేసు మెకానిక్ తోక్తోసున్ మెడకి చుట్టుకుంటోంది.

"బేరింగ్ మార్చలేదేం?"

"మారుస్తానన్నా సార్. వాడు ఆగితేగా! ఈ వారం రెండుసార్లు బేరింగ్ వేడెక్కి సెన్సర్ ఎర్రబడింది. రెండుసార్లూ వాడి పెళ్ళామే బండి ఆపించింది."

"పెళ్ళామా?"

"సయిరగుల్. ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చునేది ఆవిడే. డ్రైవర్లు ఊరుకుంటారా? 'ఏరా, అమ్మగారు సెలవిచ్చారా?' అని టీ దగ్గర ఏడిపించి చంపారు."

"నిన్న ఎర్రబడలేదా?"

"లేదు సార్. అదే నాకర్థం కాలేదు."

"జైల్లో తీరిగ్గా ఆలోచించుకో."

ప్రతి చక్రానికీ అయస్కాంతంతో అతికించిన చిన్న బిళ్ళ సెన్సర్. బేరింగ్ వేడిని ఆఫీసుకి పంపుతుంది. ఉర్మత్ నిన్నటి లాగ్ తీయించాడు. టీకి ఆగిన నలభై నిమిషాల్లో మిగతా చక్రాలు చల్లబడ్డాయి. దిగుడులో వేడెక్కాయి. ఎడమ వెనకది మాత్రం పొద్దుటినుంచీ ముప్ఫై నాలుగే.

మంచులో ఒంటరిగా పడిన చక్రం అన్నిటికన్నా ముందు గడ్డకట్టాలి. నాలుగింటికి కూడా అది ఇరవై రెండు చూపిస్తోంది.

మార్చురీకి ఫోన్ చేద్దామని కోటు లోపల చెయ్యి పెట్టాడు. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని ఇక్కడ అందరూ ఫోన్ గుండెకి ఆనించే పెట్టుకుంటారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"శవం చొక్కా లోపలి జేబు చూడండి," అన్నాడు ఫోన్‌లో.

"గుండ్రటి బిళ్ళేదో ఉంది సార్. ఊడిన బొత్తాం అనుకున్నాం."

తోక్తోసున్‌నీ సయిరగుల్‌నీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు.

"మళ్ళీ ఎర్రబడితే ఏడిపిస్తారని సెన్సర్ పీకింది ఎమిల్‌బెక్కే. దాని బ్యాటరీ చలికి చచ్చి ఆఫీసులో తెలిసిపోకుండా జేబులో పెట్టుకున్నాడు. నువ్వు వెళ్ళు తోక్తోసున్."

తోక్తోసున్ లేవలేదు. సయిరగుల్ ఏడవలేదు.

"అయితే నేను రోజంతా చూసింది..."

"ఆయన ఒంటి వేడి, అక్కా."

"నాలుగింటిదాకా చూస్తూనే ఉన్నాను. తగ్గుతోంది. బండి ఆపి పడుకున్నాడు, బేరింగ్ చల్లబడుతోంది, మంచిదే అనుకున్నాను. నిద్ర చెడగొట్టడం ఎందుకని ఫోన్ కూడా చెయ్యలేదు."

ఉర్మత్ లాగ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చేసినా లాభం లేదక్కా. పదకొండూ ఇరవైకి, పడగానే పోయాడు."

ఆమె ఆరిపోయిన స్క్రీన్ వైపే చూస్తోంది.

"ఒంటిగంట దాకా ముప్ఫై నాలుగే ఉంది సార్," అంది.