సాక్షి మైకులో నాలుగు సెకన్లు

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీద ఒక టైర్ల దుకాణం, దాని పైన రెండో అంతస్తులో అమెరికా కోర్టుల మాటలు టైపు చేసే ఆఫీసు ఉండేవి. 2012 నాటికి సుమలత అక్కడ చేరి మూడేళ్లయింది.

అమెరికా కోర్టులో జడ్జి ముందు ఒక మైకు, సాక్షి ముందు ఒకటి, ఇద్దరు వకీళ్ల ముందు చెరొకటి. ఆ నాలుగు మైకుల రికార్డింగు పొద్దుటికల్లా ఇక్కడికి చేరేది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడలు. పెడలు నొక్కితే మాట నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. దగ్గు వినబడితే దగ్గు, ఏడుపు వినబడితే ఏడుపు. విన్నది విన్నట్టు కొట్టాలి. చివర్లో, విన్నదంతా ఉన్నదున్నట్టు రాశానని తన పేరు పెట్టి ధ్రువీకరించాలి.

సుమలతకు ఈ పని అతికినట్టు సరిపోయింది. ఏదీ ఒకసారి చూసి వదిలే మనిషి కాదు. భర్త పోయాక ఆరేళ్ల కూతురు కళ్యాణిని కొత్తూరు అవతల తల్లి అనంతమ్మ దగ్గర ఉంచి, తను ఆఫీసు దగ్గరే గది తీసుకుని ఉంటోంది. ఆ ఇంటి వాకిట్లో లోతైన నీళ్ల సంపు. నీళ్లు మోటారుతో పైకి పోతాయి, మూత తీసే పనే లేదు. అయినా ఇనుప మూతకు తాళం వేయించింది. తాళంచెవి ఒక్కటే. అది నల్లతాడుకు కట్టుకుని మెడలో వేసుకుంది. ప్రతి సాయంత్రం ఫోన్లో అదే ప్రశ్న.

"అమ్మా, సంపు తాళం చూసినవా?"

"చూసిన బిడ్డా. రేపటి సంది పసుపు కుంకుమ పెట్టి మొక్కుత దానికి, సరేనా?" అని విసుక్కునేది అనంతమ్మ.

జూలైలో ఒక శుక్రవారం ఆ కేసు వచ్చింది. నాలుగేళ్ల పాప పెరట్లోని నీళ్లతొట్టిలో మునిగిపోయింది. తొట్టి మూత తీసి వదిలేసిందని, పాపను చూసుకునే ఆయా మీద కేసు. పన్నెండుమంది మామూలు జనం, బస్సు నడిపేవాళ్లూ బట్టలమ్మేవాళ్లూ, జ్యూరీగా కూర్చుని విన్నారు. పన్నెండుమందీ ఒక్కమాట మీదికొచ్చి ఆయాను దోషి అన్నారు. ఆమె జైల్లో ఉంది. ఇప్పుడు అప్పీలు.

"జర పైలం సుమక్కా," అన్నాడు సూపర్‌వైజరు జగదీశ్. "అప్పీల్ల మళ్ల సాక్షులను పిలువరు. ముగ్గురు జడ్జీలు మనం కొట్టిన కాయితాలే చదువుతరు. కాయితం మీద లేనిది అసలు జరగనట్టే."

మధ్యాహ్నం మబ్బు కమ్మి గదంతా మసకబారింది. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. తడిసిన గోడల వాసన. రికార్డింగులో సాక్షిగా బోనెక్కింది చనిపోయిన పాప తల్లి.

ఆ రోజు మూత ఎవరు తీశారని అడిగాడు వకీలు.

తల్లి వెంటనే పలకలేదు. ఆ ఖాళీలో ఎవరో ఊపిరి పీల్చారు. ముక్కులో నీళ్లు పోయిన పిల్లలు పీల్చినట్టు... తడిగా, గురగురమని. తర్వాత ఒక గుసగుస.

"అమ్మ మూత తీసింది."

ఆ వెంటనే తల్లి గొంతు, స్థిరంగా: "ఆయా తీసింది."

సుమలత కాలు తీసింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. జడ్జి మైకులో లేదు. వకీళ్ల మైకుల్లో లేదు. సాక్షి మైకులోనే ఉంది. సరిగ్గా నాలుగు సెకన్లు. సాక్ష్యం మొత్తంలో పదకొండు చోట్ల అదే మాట. ప్రతిసారీ మైకుకు ఇంకాస్త దగ్గరగా.

జగదీశ్‌ను పిలిచి హెడ్‌ఫోన్లు ఇచ్చింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"ఏమున్నదక్కా? ఏసీ మోత."

"చిన్నపిల్ల అన్నా. సాఫ్‌గ ఇనవడ్తున్నది. గుర్తు తెలియని గొంతు అని కొడ్త."

"ఏమని కొడ్తవ్? సచ్చిపోయిన పిల్ల వచ్చి సాక్ష్యం చెప్పిందనా?" నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. "మాట్లాడినోళ్ల లిస్టుల పిల్ల లేదు. 'వినబడలేదు' అని కొట్టి టైము ఎయ్యి. ఆరింటికి పంపాలె. లేకుంటే ఇద్దరి నౌకరీలు పోతయ్."

ముఖం తెలియని ఆ ఆయా కళ్లముందు మెదిలింది. ఆ వెనకే కళ్యాణి. ఉద్యోగం పోతే దాన్ని ఎట్లా పెంచాలి?

సుమలత కొట్టింది. వినబడలేదు. వినబడలేదు... పదకొండోసారి కొట్టి పెడలు మీంచి కాలు తీసేసింది. రికార్డింగు ఆగింది.

హెడ్‌ఫోన్లలో తడి ఊపిరి ఆగలేదు.

"నీకు... వినబడింది."

హెడ్‌ఫోన్లు లాగి పారేసింది. విన్నదంతా రాశానని ధ్రువీకరించి పంపించేసింది.

ఆ సాయంత్రం ఫోన్లో కళ్యాణి బడి సంగతులు చెబుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక టీవీ వినబడుతోంది. అనంతమ్మ గిన్నెలు కడగడం వినబడుతోంది. పిల్ల గొంతు ఒక్కటే లేదు. సుమలత తెలియకుండానే లెక్కపెట్టింది. నాలుగు సెకన్లు.

"ఏమన్నవ్ తల్లీ? మళ్ల చెప్పు."

మళ్లీ నాలుగు సెకన్ల ఖాళీ. సిగ్నల్ లేదేమోలే అనుకుంది.

ఆదివారం పొద్దున్నే బస్సు దిగి ఇంటికి నడిచింది. దారి పొడుగునా తాళంచెవిని పిడికిట్లో పట్టుకునే ఉంది. ఆమెకు అట్లాగే గుర్తు. గేటు తీసింది. కళ్యాణి మెట్ల మీద కూర్చుని ఉంది. తల్లిని చూసి పరుగెత్తుకు రాలేదు. లేచి వెనక్కి, వెనక్కి నడిచి, అమ్మమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుంది. సుమలత వైపే చూస్తూ పెదవులు కదిపింది.

కాకి అరుపు వినబడింది. ఫ్యాక్టరీ సైరన్ వినబడింది. పిల్ల మాట వినబడలేదు.

అనంతమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఏందిది బిడ్డా... నువ్వు గిప్పుడే గదా వస్తున్నవ్? గేటు గిప్పుడే గదా తీసినవ్?"

"అవునమ్మా. చెప్పులన్న విడవలే ఇంక. అది ఏమన్నది?"

అనంతమ్మ చెప్పింది. పెదవులు మూడు మాటలకు కదిలాయి, చప్పుడు లేదు. ఒకటి... రెండు... మూడు... నాలుగు.

సుమలత మెల్లగా సంపు వైపు తిరిగింది.

మూత తీసి పక్కన పెట్టి ఉంది. తాళంలోనే తాళంచెవి. దానికి నల్లతాడు వేలాడుతోంది.

పిడికిలి విప్పి చూసుకుంది. ఖాళీ. ఆమె కుడిచేయి మోచేతి దాకా తడిసి ఉంది. వేళ్ల కొసల నుంచి నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.