చెరగని గంధం

"క్షిపణి శాస్త్రవేత్త డాక్టర్ బాలచంద్రను ఎత్తుకుపోయారు. ఆయన ముఖం మాత్రం ఇవాళ నీ దగ్గరికే వస్తుంది." ఫోన్లో చీఫ్ గొంతు కటువుగా ఉంది.

చిత్తూరు శివార్లలోని క్షిపణి ల్యాబ్. డిజైన్లు దాచిన వాల్ట్ ముందు సెక్యూరిటీ యూనిఫాంలో నిలబడిన ఏజెంట్ పంకజాక్షికి ఒళ్లు మండింది. బొమ్మలు గీసే ఏఐ మోడల్‌ను మార్చి, ఒక్క ఫొటోతో త్రీడీ తలలు తయారు చేస్తోంది ఆయన్ని ఎత్తుకుపోయిన విదేశీ ముఠా. ఆ తలను సిలికాన్‌లో పోసి తొడుక్కుంటే ముఖం చూసి తలుపు తీసే స్కానర్ కూడా సలాం కొడుతుంది. తలుపు తెరుచుకుంటే క్షిపణి డిజైన్ దేశం దాటినట్టే.

"మాస్కుకు నిండా జుట్టుంది. లోహిత కబురు పంపింది," అన్నాడు చీఫ్. లోహిత, మనవాళ్లు ఆ ముఠాలోకి పంపిన అందగత్తె గూఢచారి.

అంతలో లోహితే వచ్చింది, నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, ఘాటైన సెంటుతో. పక్కనే బాలచంద్ర. గుండు, వెనక మెడదాకా లాగిన టోపీ, నుదుట గంధం. తిరుమలలో గుండు చేయించుకుని నిన్ననే ఫొటో పంపాడాయన. ల్యాబంతా చూసింది.

"విడిపించుకొచ్చినా. గొంతు పట్టేసింది, మాట్లాడించొద్దు," అంది లోహిత.

స్కానర్‌లో పచ్చలైటు. తలుపు కదిలింది.

పంకజాక్షి చూపు గంధం మీద ఆగింది. ఫొటోలో ఎడమ కనుబొమ్మ మీదికి కారిన చుక్క, ఈరోజూ అక్కడే తడిగా మెరుస్తోంది. ఒక పూటకే ఎండి రాలిపోయే గంధమది!

"గంధం కంట్లో పడతాది సార్," అంటూ రుమాలుతో గట్టిగా తుడిచింది. చెరగలేదు.

టోపీ లాగేసింది. తల వెనక ఇంకో ముక్కు, ఇంకో నోరు, ఇంకో జత కళ్లు!

మాస్కు తొడుక్కున్నవాడు పిస్టల్ తీశాడు. గార్డు వెంకటముని లాఠీ వాడి మణికట్టు మీద పడింది. పంకజాక్షి ఎర్రబటన్ గుద్దింది. తలుపు మూసుకుంది.

ముఠాకు అమ్ముడుపోయిన లోహిత వైపు తుపాకి తిప్పింది. "ఆయన గుండు కొట్టించుకునేసరికి జుట్టు మాస్కు పనికిరాకుండా పోయింది. కొత్తది హడావిడిగా చేసినాం. ఫొటో ముందువైపుదే. వెనకవైపు మోడలే ఊహించుకునింది..."

"దానికి నేర్పింది ముఖాలే. యా పక్క తిప్పినా ముఖమే పెడతాది. డాక్టర్ యాడ?" పంకజాక్షి తుపాకి లోహిత దవడకు ఆనింది.

"బంగారుపాళ్యం... మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కోల్డ్ స్టోరేజీ."

కాసేపటికి చీఫ్ ఫోన్. డాక్టర్ వణుకుతున్నాడు, కానీ బతికే ఉన్నాడు.

వెంకటముని మాస్కును అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంది మేడం, రెండుపక్కలా మొగమే ఉండాది?"

లోహిత చేతులకు బేడీలు బిగిస్తూ అంది పంకజాక్షి: "చేసినోళ్ల పోలిక రాక యాడికి పోతాది అబ్బా!"