సొరంగంలో వినిపించిన గొంతు

"ఇక నీ సినిమాలకి నా గొంతు ఇవ్వను! ఇంకెవరినైనా చూసుకో!"

అక్క మాట పూర్తికాకముందే చెల్లెలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. తిరగనీ అనుకుంది అక్క. ఒకటా రెండా, ఇరవై ఏళ్ళు! తెర మీద చెల్లెలు అందంగా పెదవులు కదిపితే, మైకు ముందు ఏడ్చిందీ నవ్విందీ తను! చెల్లెలి గొంతు బొంగురని మొదటి సినిమాలోంచే తీసేయబోతే, "నేను మాట్లాడతాను" అని అడ్డుపడింది ఈ అక్కే కదా! తెర మీద ఏనాడూ తన పేరు వేయలేదు, తనూ అడగలేదు. ఇప్పుడీ రైలు సినిమాకి నిర్మాత ఎవరో కొత్తమ్మాయిని పిలిచాడట... ఆ సంగతి స్టూడియో కాపలాదారు చెబితే తెలిసింది!

"నాకు ముందే తెలుసక్కా..." చెల్లెలు ముక్కు ఎగబీల్చింది. "కుర్ర గొంతు కావాలన్నాడు. కాదంటే నా వయసు మాట కూడా ఎత్తుతాడేమోనని ఊరుకున్నాను."

"మరి ఇప్పుడెందుకొచ్చావు?"

"సొరంగం సీను ఆ పిల్ల వల్ల కావడం లేదు..."

ఆ సీను అక్కకి తెలుసు, కథ విన్న రోజే చెల్లెలు చెప్పింది. రైలు సొరంగంలోకి వెళ్ళగానే నిమిషం పాటు తెరంతా చీకటి. హంతకుడు ఆ పెట్టెలోనే తిరుగుతున్నాడు. బెర్తు కింద దాక్కున్న తల్లి, ఒళ్ళో పాప ఏడవకుండా చెవిలో గుసగుసగా కబుర్లు చెప్పాలి. అది తేలిపోతే సినిమా అంతా తేలిపోయినట్టే. ఐదేళ్ళ తర్వాత చెల్లెలికి దొరికిన వేషం కూడా పోయినట్టే!

"నిలబడి చెప్పించి ఉంటారు, తెలివితక్కువవాళ్ళు! పద. సినిమా మొత్తం మళ్ళీ నేనే చెబుతాను. వేరేవాళ్ళకి చేతకాదు!" అంటూ అక్క ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుంది.

డబ్బింగ్ గదిలో చప్పుడు కాకుండా గాజులు తీసి పక్కన పెట్టింది. మైకు కిందికి దించమని చెప్పి, బల్ల కింద దూరి కూర్చుని, చెల్లెల్ని చెయ్యి పట్టి లాగింది.

"నువ్వే పాపవి. తల ఒళ్ళో పెట్టు. కిక్కురుమన్నావో చంపేస్తాను!"

లైటు ఆరింది. "ఏం లేదు తల్లీ... రైలు కళ్ళు మూసుకుంది, అంతే... మనమూ మూసుకుందామా..." చిన్నప్పుడు ఉరుములకి భయపడే చెల్లెలికి చెప్పినట్టే చెప్పింది. చెల్లెలు నోట్లో కొంగు కుక్కుకుని వెక్కిళ్ళు ఆపుకుంది. ఒక్కసారికే అయిపోయింది!

విడుదల రోజు ఉదయం ఆటకి ఇద్దరూ ముసుగులేసుకుని వెనక వరసలో కూర్చున్నారు. సొరంగం వచ్చింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆఖర్న పేర్లు మొదలయ్యాయి. తల్లి పాత్ర అని వేసి, దాని కింద రెండు పేర్లు, ఒకే సైజులో. ముందుగా అక్కది!

"ఎవరు వేయించారే?" అక్క చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది.

"నేనే. వేయకపోతే సినిమా ప్రచారానికి రానన్నాను."

"పిచ్చిదానా! నా పేరు ముందెందుకే?"

"ఆ నిమిషం తెర మీద నేనెక్కడున్నానక్కా? నువ్వొక్కదానివే ఉన్నావు!" అని గట్టిగా ఏడ్చేసింది చెల్లెలు.

ఈ బొంగురు గొంతు ఎవరిదా అని ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగారు. అక్క చెల్లెలి ముసుగు తీసేసి, కళ్ళు తుడిచింది.