లిస్టులో నాలుగోది

నేను బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదని ఏటా పిల్లలకి నేర్పేవాణ్ణి. అలాంటివాణ్ణి రెండేళ్లు పైవాటా ఆవిడ వైఫై దొంగతనంగా వాడుకున్నాను.

ఆవిడ ఒంటరి మనిషి. బట్టలు కుట్టేది. అందరం టైలరమ్మ అనేవాళ్లం. ఆవిడ వైఫైకి పాస్‌వర్డే లేదు. "ఆవిడే వాడుకోమంది" అని మా ఆవిడకి అబద్ధం చెప్పాను.

ఒకరోజు టైలరమ్మే కిందికొచ్చింది.

"మాస్టారూ, మా చెల్లెలితో వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోతోంది. నా నెట్ ఎవరైనా వాడుతున్నారంటారా?"

"చూద్దాం లెండి," అన్నాను, ఆవిడ మొహంలోకి చూడకుండా.

పైకి వెళ్లి పాస్‌వర్డ్ పెట్టాను. ఆ కాసేపట్లోనే ఆవిడ నా చొక్కాకి వేలాడుతున్న గుండీ చూసి, ఒంటి మీద ఉండగానే కుట్టేసింది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఆవిడ చేతిలో పెట్టాను. మెట్లు దిగుతూ నా ఫోన్‌లోనూ కొట్టుకున్నాను. దొంగ చేతికే తాళాలిచ్చిందా పిచ్చితల్లి.

మూడు నెలలకి ఆవిడ పోయింది. సామాను సర్దడానికి వచ్చిన చెల్లెలు చెప్పింది. "గుండెల్లో నొప్పిగా ఉందంటూ సాయంత్రం వీడియో ఫోన్ చేసింది. ఏ మందు వేసుకోవాలో అడుగుతోంది. బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కలిసేసరికి కుర్చీలో లేదు."

ఆ సాయంత్రం మా ఇంట్లో టీవీలో మ్యాచ్. మా ఫోన్లు రెండూ ఆడుతూనే ఉన్నాయి. అన్నీ ఆవిడ నెట్ మీదే.

"మీ గురించి ఎంతో చెప్పేది మాస్టారూ, నెట్ బాగుచేసిచ్చారని," అంటూ ఆ చెల్లెలు నాకు దణ్ణం పెట్టింది. నా చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

తర్వాతి వారం సొంత కనెక్షన్ పెట్టించుకున్నాను. చీకటి పడుతుండగా, హాల్లో అలమర మీదున్న రౌటర్ పక్కనే నిలబడి అన్నీ బిగించాను. పేరు మార్చాను. డబ్బా మీద అచ్చు వేసిన పాస్‌వర్డ్ తీసేసి, పదహారు అక్షరాలది పెట్టాను. చివరగా ఎవరెవరు కలిశారో లిస్టు తెరిచాను.

టీవీ. నా ఫోన్. మా ఆవిడ ఫోన్.

నాలుగోది... పేరు లేదు.

దాన్ని ఆపేశాను. మళ్లీ వచ్చింది. పాస్‌వర్డ్ మార్చాను. ఈసారి మా ఫోన్ల కంటే ముందే కలిసింది.

పక్కన సిగ్నల్ గీతలు చూశాను. నా చేతిలోని ఫోన్ రౌటర్‌కి జానెడు దూరంలో ఉంది. ఆ నాలుగోదాని సిగ్నల్ నా దానికంటే బలంగా ఉంది. అంటే... నాకూ రౌటర్‌కీ మధ్య ఉంది.

అక్కడ ఏమీ లేదు. కుట్టుమిషన్ నూనె వాసన మాత్రం సన్నగా వస్తోంది.

టీవీలో బొమ్మ ఆగిపోయింది.

"ఎవరిదండీ అది?" వంటగదిలోంచి వచ్చి, నా భుజం మీదుగా చూస్తూ మెల్లగా అడిగింది మా ఆవిడ.

భయం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. రెండేళ్ల అబద్ధాన్ని నిలబడ్డచోటే చెప్పేశాను. ఆమె నా చొక్కాకి టైలరమ్మ కుట్టిన గుండీ వైపు చూసి, పక్కకి జరిగింది. తిట్టినా బాగుండేది.

నాలుగోదానికి అడ్డు తీసేశాను. "వాడుకో తల్లీ," అన్నాను. టీవీ కదలలేదు.

ఇక మిగిలింది ఒక్క పనే. వీధిలోకి వచ్చి, ఆ చెల్లెలికి మామూలు ఫోన్ చేశాను. నా నోటితో నేనే చెప్పుకోవాలి. ఆమె ఎత్తగానే, ఆపితే మళ్లీ ధైర్యం రాదని ఏకబిగిన చెప్పేశాను. పాస్‌వర్డ్ సంగతి, మ్యాచ్ సంగతి, అన్నీ.



"మళ్లీ ఎందుకు చెప్తున్నారు?" అంది ఆమె.

"మళ్లీ ఏమిటమ్మా?"

"ఇందాకే కదా వీడియోలో గంటసేపు చెప్పారు. మళ్లీ మళ్లీ ఇవే మాటలు, ఒక్క ముక్క తేడా లేకుండా." ఆమె గొంతు తగ్గించింది. "నేనే అడుగుదామనుకుంటున్నా మాస్టారూ... అంతసేపు మాట్లాడారు కదా. ఒక్కసారైనా రెప్ప వేయలేదేం?"